డబ్బాలో వాటా

మా ముత్తాత దేశ్‌ముఖ్. పాలమూరు వైపు పదకొండు ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా సర్కారుకు చేరేది. ఆయన ఉండే గడి ముందు నుంచి చెప్పులు వేసుకుని నడిచినవాళ్లు లేరని మా ఇంట్లో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నారు. మా తాత ఆ ఊళ్లను గుమస్తాలకు అప్పగించి పట్నం వచ్చి, నిజాం కాలపు హైకోర్టులో వకీలయ్యాడు. నారాయణగూడలో బగ్గీ తిరగడానికి చోటున్న ఇల్లు కట్టాడు. జడ్జీలు ఆయన ఇంటికి భోజనానికి వచ్చేవారు. మా నాన్న ఏ ఉద్యోగమూ చేయలేదు. చేయాల్సి వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. భూములు కొన్ని చట్టాల కింద, కొన్ని దావాల కింద పోయాయి. ఇంటి స్థలంలో మొదట వెనకవైపు పోయింది, తర్వాత ముందువైపు. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ ఉంది. ఆ దారిన వెళ్లవలసి వస్తే నేను తల తిప్పుకోను. నేరుగా చూసే వెళ్తాను.

నేను చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాను. నేను లెక్కలు రాసిన కంపెనీ కరోనా తర్వాత మూతపడింది. యాభై దాటినవాడికి మళ్లీ ఆ పని ఎవరూ ఇవ్వలేదు. నారాయణగూడ చౌరస్తాకు దగ్గర్లో ఒక శాకాహార హోటల్లో, టేబుళ్ల దగ్గర నిలబడి ఆర్డర్లు రాసుకునే పని దొరికింది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు. నిటారుగా నిలబడటం నాకు చిన్నప్పటి అలవాటు కనుక, వచ్చినవాళ్లు చాలామంది నన్నే యజమాని అనుకునేవారు. యజమాని నాకంటే చాలా చిన్నవాడు. అందరూ ఆయన్ని సేఠ్ అనేవారు, నేను మీరు అనేవాణ్ని.

ఆ హోటల్లో జీతాలు తక్కువ. తక్కువని సేఠ్ కూడా ఒప్పుకునేవాడు. "జీతం ఇంత, పైన డబ్బా ఉంటది" అని పనిలో పెట్టుకునేటప్పుడే చెప్పేవాడు. డబ్బా అంటే కౌంటర్ పక్కన గొలుసుతో కట్టిన స్టీలు డబ్బా. టేబుల్ మీద ఎవరు ఏం వదిలినా ఎవరూ జేబులో వేసుకోకూడదు, అందులోనే పడాలి. వారానికోసారి, మధ్యాహ్నం రద్దీ తగ్గాక, అందరి ముందు తెరిచేవారు. వడ్డించేవాళ్లకు నిండు వాటా, టేబుళ్లు తుడిచేవాళ్లకు సగం, గిన్నెలు కడిగేవాళ్లకు అందులో సగం. ఈ పద్ధతి సేఠ్ పెట్టింది కాదు. నాకంటే ముందు ఎప్పుడో పనివాళ్లే పెట్టుకున్నది. ఎవరు పెట్టారో అక్కడ ఎవరికీ తెలియదు, కానీ దాన్ని ఎవరూ తప్పేవారు కాదు.

నేను తప్పాను.

దానికి కారణం మా ఇల్లు. మా ఇంట్లో జీతం అనే మాట వినపడేది కాదు. పనిచేసేవాళ్లు చాలామంది ఉండేవారు. వాళ్లకు పంట మీద గింజలు, దసరాకు బట్టలు, పెళ్లికో చావుకో కొంత సాయం అందేవి. వీటన్నిటినీ ఇనాం అనేవారు. నా చిన్నతనానికి అందులో ఆఖరి రోజులు మాత్రమే మిగిలాయి. నారాయణగూడ ఇంటి వరండాలో మా నాయనమ్మ పై మెట్టు మీద నిలబడి చీర వదిలితే, కింద నిలబడినావిడ కొంగు చాచి పట్టుకునేది. ఒక్కసారి కూడా ఆ చీర చేతి నుంచి చేతికి వెళ్లడం నేను చూడలేదు. ఒకరు పై నుంచి వదిలేదీ, ఇంకొకరు కింద నుంచి పట్టుకునేదీ ఇనాం అని నా మనసులో నాటుకుపోయింది. ఆ మెట్టు మీద నిలబడిన ఇంట్లో పుట్టినవాణ్ని, కొంగు చాచే చోట నిలబడలేను అనుకున్నాను. పని చేస్తాను, జీతం తీసుకుంటాను, అంతే.

చేరిన కొత్తలో ఒక వృద్ధ వకీలు సోంపు గిన్నె కింద యాభై రూపాయల నోటు పెట్టి లేచాడు. నేను ఆ నోటు పట్టుకుని ఫుట్‌పాత్ దాకా వెళ్లాను.

"మరిచిపోయారండి" అన్నాను.

"మరిచిపోలేదు. మీకే."

"నాకు జీతం ఉందండి."

ఆయన ముఖం ఎర్రబడింది. నోటు తీసుకుని, నా వైపు చూడకుండా ఆటో ఎక్కాడు. నేను లోపలికి వచ్చేసరికి వడ్డించేవాళ్లలో సీనియర్, చాలా ఏళ్లుగా ఆ హోటల్లోనే ఉన్నవాడు, రెండు చేతుల్లో దోసె ప్లేట్లతో దారికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా, వాపస్ ఇచ్చినవా?"

"ఇచ్చాను."

"నీ పైసలా అవి?"

"నా టేబుల్ మీద పెట్టినవి."

"టేబుల్ సేఠ్‌ది. పైసల్ డబ్బావి. నీది ఏముందన్నా ఆడ, నీ మీసం తప్ప?"

చట్నీ బకెట్ పట్టుకున్న ఇంకొకడు కిసుక్కున నవ్వాడు. నేను మా ఇంట్లో ఎవరూ అలా చేయి చాచలేదని అన్నాను. అనకుండా ఉండవలసింది అని నాకు అప్పుడు తోచలేదు, ఇప్పుడూ తోచదు. ఉన్న మాటే అన్నాను.

"ఓహో, దొరల ఖాన్‌దానా" అన్నాడు సీనియర్. "చెయ్యి చాపలే, గుంజుకున్నరు గద మీరు. మాకు గుంజుకునుడు రాదు దొరా, ఇస్తే తీస్కుంటం."

ఆ రోజు నుంచి హోటల్లో నా పేరు దొర. వెటకారానికే పిలిచేవారు. నేను పలికేవాణ్ని.

ఆ మాటల చప్పుడుకు లోపలి నుంచి ఒకావిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. గిన్నెలు కడిగేది. నలభై దాటి ఉంటాయి. పాలమూరు జిల్లా నుంచి వచ్చి రాంనగర్ వైపు బస్తీలో ఉండేది. మొదట కట్టడాల దగ్గర ఇటుకలు మోసి, మోకాలు దెబ్బతిన్నాక ఈ పనిలోకి వచ్చింది. అందరూ ఆమెను అక్కా అనేవారు. మెత్తటి మనిషేం కాదు. స్టవ్ దగ్గర మాస్టర్‌తో సహా ఎవరు మాడు గిన్నె పడేసినా వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు తీసేది.

"ఆ యాభైల నాది గూడ ఉంటది దొరవారు" అంది నాతో. "మీరు ధర్మం జేస్తే మీ దాంట్లకెళ్లి చేయున్రి."

ఆ మధ్యాహ్నం మా భోజనాల వేళ వెనక వరండాలో, నూనె డబ్బాల మీద కూర్చుని, నేను అడగకుండానే మిగతాది చెప్పింది. భర్త లేడు. ఊళ్లో ఇరవై గుంటల చెల్క, వాన మీద పండే నేల, ఉంది. పక్క చెల్క మరిదిది. అతను ప్రతి పండక్కీ కబురు పంపుతాడు, అమ్మితే నేనే తీసుకుంటానని. ఆమె కూతురు పాలమూరులో నర్సింగ్ చదువుతోంది. జీతం గది కిరాయికి, బియ్యానికి సరిపోతుంది. డబ్బాలో వచ్చేది ముట్టకుండా దాచి కూతురి ఫీజు కడుతుంది.

"ఫీజు ఆగిన దినం చెల్క పోతది" అంది. "అది పోవద్దనే ఈడికొచ్చిన. ఊళ్లె ఉండి అమ్ముకునేదుంటే పట్నం ఎందుకు, ఈ సబ్బు నీళ్లెందుకు?"

నేను మీది ఏ ఊరని అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇరవై గుంటలంటే అరెకరం. మా ఇంట్లో అంత నేలకు లెక్క ఉండేది కాదు. గట్ల కింద, బాటల కింద అంతకంటే ఎక్కువే పోయేది. ఆ మాట నేను పైకి అనలేదు గానీ, ఆ సాయంత్రం నుంచి నా పద్ధతి కొంత మార్చుకున్నాను. నోటు చేత్తో ముట్టను. ఎవరైనా ఇవ్వబోతే, కౌంటర్ వైపు చూపించి, "డబ్బా అక్కడ ఉందండి, అందరిదీ" అనేవాణ్ని. చాలామంది తిరిగి వెళ్లి అందులో వేసేవారు. నేను అలా నిలబడి చూపిస్తుంటే వేయకుండా వెళ్లడం వాళ్లకు మొహమాటంగా ఉండేదనుకుంటాను. కొన్నాళ్లకు సీనియర్ ఒప్పుకున్నాడు.

"దొర గుడ్లురిమితే డబ్బా నిండుతది. పాత అలవాటు యాడికి పోతది" అన్నాడు.

అలా ఒక ఏడాది గడిచింది. అక్క కూతురు మొదటి సంవత్సరం పాసైంది. హోటల్లో అందరికీ బెల్లం పల్లీ పట్టీలు పంచింది. నాకు రెండు ఇచ్చింది.

తర్వాత నోట్లు తగ్గిపోయాయి. అశోక్ నగర్ నుంచి వచ్చే పిల్లలు గానీ, కోర్టు నుంచి వచ్చే వకీళ్లు గానీ అందరూ ఫోన్‌తోనే కట్టేవారు. సోంపు గిన్నె కింద పెట్టడానికి ఎవరి జేబులోనూ చిల్లర లేదు. వారం చివర డబ్బా తెరిస్తే అడుగు కనపడేది. సేఠ్ అందరినీ పిలిచి, ఇక మీద బిల్లులోనే సర్వీస్ ఛార్జ్ అని వేస్తానన్నాడు. "డబ్బా తీసేస్తున్న. ఛార్జ్ అంత మీదే. నెలాఖరుకు మీ లెక్కలోనే పంచుత" అన్నాడు. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. బిల్లులో రాసి వచ్చేది ఇనాం కాదు, చేసిన పనికి వచ్చేది. అది నాకు నచ్చింది.

మొదటి నెల కొంత పంచాడు. తర్వాతి నెల ఏసీ రిపేరు అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఇటు ఆ ఛార్జ్ చూసి, చిల్లర ఉన్నవాళ్లు కూడా ఇవ్వడం మానేశారు. బిల్లులో ఇచ్చేశాం కదా అనుకునేవారు. అందులో వాళ్ల తప్పు లేదు.

అక్క సేఠ్‌ను అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"జీతమన్న పెంచు సేఠ్. పిల్ల ఫీజు దగ్గరికొచ్చింది."

"ఈ జీతానికి ఒప్పుకునే కదా వచ్చినవ్ అక్కా."

"డబ్బా ఉన్నదంటే ఒప్పుకున్న. డబ్బా ఏది మరి?"

"చూద్దాం."

"చూసుడే మీ పని, కడుగుడే మా పని" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట గిన్నెల చప్పుడు వీధిలోకి వినపడింది.

ఆ వారంలోనే ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. అశోక్ నగర్ హాస్టల్లో ఉండి సర్కారు నౌకరీ పరీక్షలకు చదివేవాళ్లు. నెలకోసారి మెస్ తిండి మీద కోపం వచ్చినప్పుడు మా దగ్గరికి వచ్చేవారు. అందులో పొడుగ్గా ఉన్నవాడు బిల్లు చదివి నన్ను పిలిచాడు.

"సార్, ఈ సర్వీస్ ఛార్జ్ మీకే వస్తదా?"

"రాదు" అన్నాను.

"అస్సలు రాదా?"

"ఎవరికీ రాదు."

"మరి ఇది ఇయ్యాల్నా వద్దా అనేది మా ఇష్టం గద సార్, రూల్ ఉన్నది."

"అరేయ్, పాలిటీ చదివింది ఈడ దించకు" అన్నాడు రెండోవాడు.

"ఇది పాలిటీ గాదు రా, ఎకానమీ. ఇందులనే నాకు మార్కులు పోతున్నయ్."

మూడోవాడు పొంగల్ పూర్తి చేస్తున్నాడు. పొడుగ్గా ఉన్నవాడు కౌంటర్ దగ్గరికి వెళ్లి ఆ ఛార్జ్ తీసేయమన్నాడు. సేఠ్ తీసేశాడు. ఆ మిగిలినది కుర్రాడు కౌంటర్ దగ్గరే నోటుగా మార్చుకుని నా దగ్గరికి తెచ్చి ఇవ్వబోయాడు. డబ్బా ఉన్న చోటు ఖాళీగా ఉంది, గొలుసు మాత్రం వేలాడుతోంది. లోపల గిన్నెలు కడిగేవాళ్లకు ఇవ్వమన్నాను. వాడు మొహమాటపడుతూ వంటింటి గుమ్మం దాకా వెళ్లి ఇచ్చి వచ్చాడు.

షట్టర్ సగం దించాక సేఠ్ నన్ను కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు.

"మీరు పెద్దింటోళ్లు సార్. మీరు చెప్తే కస్టమర్ నమ్ముతడు. స్టాఫ్‌కే పోతదని ఒక్క మాట అంటే మీకేం పోతది?"

"స్టాఫ్‌కు పోదు కనుక అనలేను."

"నా పరేషాన్ గూడ చూడున్రి. ఓనర్ కిరాయి పెంచిండు. ఫోన్ల ఆర్డర్ తీస్కునే యాప్‌లోళ్లు వచ్చినదాంట్లకెళ్లి ఇంత కోస్తున్నరు. నేనేమన్న మహల్ కట్టుకున్ననా? మీకు వేరేగా పెంచుత. ఎవరికి చెప్పకున్రి."

అతను అబద్ధం చెప్పలేదు. కిరాయి పెరిగిన మాట నిజం. అతను ఉండేది కూడా అద్దె ఇల్లే. కానీ వేరేగా ఇవ్వడం, ఎవరికీ చెప్పకపోవడం, ఈ రెండూ మా ముత్తాత గుమస్తాలను చేతిలో పెట్టుకున్న పద్ధతి. అది పై నుంచి ఎలా ఉంటుందో నాకు తెలుసు. గిన్నెలు కడిగేవాళ్లతో మొదలుపెట్టి అందరికీ జీతం పెంచితే, వచ్చిన ప్రతివాడికీ సిబ్బందికి పూర్తి జీతం ఇస్తున్నారని నేనే చెప్తానన్నాను. చాయ్ తాగి లేచాను.

సీనియర్‌కు ఈ సంగతి చెప్పాను. అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"నిజంగ వద్దన్నవా?"

"వద్దన్నాను."

"పాగల్ దొర" అన్నాడు. ఆ మాట మర్యాదగానే అన్నాడు.

మర్నాడు పొద్దున, షట్టర్ ఎత్తకముందే, అందరం కౌంటర్ ముందు నిలబడ్డాం. నన్నే మాట్లాడమన్నారు. తిరిగి డబ్బా పెట్టమని అడగాలని కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. పనికి జీతం అడగాలి, నిటారుగా నిలబడి అడగగలిగింది అదొక్కటే అన్నాను. అక్క నా వెనక నిలబడి, "డబ్బా గూడ అడుగు దొరా" అని మెల్లగా అంది. నేను జీతం మాత్రమే అడిగాను.

సేఠ్ రెండు రోజులు గడువు అడిగి, మాట మీద నిలబడ్డాడు. సర్వీస్ ఛార్జ్ తీసేశాడు. వడ్డించేవాళ్లకూ తుడిచేవాళ్లకూ నాకూ జీతం పెంచాడు. గోడకు చక్కటి బోర్డు పెట్టించాడు. మా సిబ్బందికి పూర్తి జీతం ఇస్తున్నాం, దయచేసి టిప్స్ ఇవ్వవద్దు, అని. గిన్నెలు కడిగే పనిని మాత్రం మరుసటి నెల మొదటి నుంచి బయటి కాంట్రాక్టర్‌కు అప్పగించాడు. ఆ పనివాళ్లు ఇక సిబ్బంది కిందికి రారు. అక్కను కాంట్రాక్టర్ పాత జీతానికే పెట్టుకున్నాడు. అదే తొట్టి, అవే గిన్నెలు.

నేను సేఠ్ దగ్గరికి వెళ్లాను. సీనియర్ కూడా వచ్చాడు. అది కాంట్రాక్టర్ సంగతి, నా చేతిలో లేదన్నాడు సేఠ్. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే, ఇష్టం లేకపోతే ఆమెను అడ్డా మీదికి పొమ్మను, ఇటుకలు మోసుకుంటుంది అన్నాడు. అడ్డా అంటే తెల్లవారగానే కూలీలు పని కోసం రోడ్డు వారగా నిలబడే చోటు. ఆ మోకాలితో ఆమె అక్కడికి వెళ్లలేదని అతనికీ తెలుసు.

మొదటి పెరిగిన జీతం వచ్చినప్పుడు, పెరిగినంత మేరకు ఒక కవర్లో పెట్టి వెనక వరండాకు వెళ్లాను. ఆమె పెద్ద గుండిగ లోపలికి తల పెట్టి తోముతోంది.

"ఇది నీ వాటా అమ్మా" అన్నాను. "ప్రతి నెలా ఇస్తాను."

ఆమె తల బయటికి తీసి కవర్ వైపు చూసింది. చేతులకు నురగ ఉంది.

"ఎందుకిస్తవ్?"

"నీకు రావలసింది నాకు వచ్చింది."

"నువ్వు ఇచ్చుడు, నేను ఒంగుడు. వద్దు దొరా." గుండిగను పక్కకు దొర్లించి నీళ్లు పోసింది. "డబ్బా తెరిసినప్పుడు నేనెవరికి ఒంగలె. నా లెక్క నాకొచ్చేది. తక్కువైతే కొట్లాడేదాన్ని, ఆ సీనియర్ గాని గల్లా పట్టేదాన్ని. నీతోని ఏమని కొట్లాడుత?"

కవర్ జేబులో పెట్టుకున్నాను. పనికి జీతమే ఉండాలని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. టిప్పుల మీద మనిషిని బతకమనడం యజమాని తన భారాన్ని దారిన పోయేవాడి మీద పెట్టడం. కానీ ఆ డబ్బాను నేను మా వరండా మెట్ల వైపు నుంచి చూశాను. ఆమెకు అందులో మెట్లు లేవు. ఒకరు వదిలింది పదిమందిదయ్యేది, పదిమంది ముందు లెక్కగా చేతికి వచ్చేది. ఎవరిచ్చారో ఆమెకు తెలియనక్కర్లేదు. అది ఇనాం కాదు. జీతం కూడా కాదు. దానికి మా ఇంట్లో మాట లేదు.

కవర్ సీనియర్‌కు చూపించాను. అతను నవ్వలేదు. అందరం తలా కొంత వేసి మళ్లీ ఒక డబ్బా పెడదామన్నాడు. అడిగితే కొందరు సరేనన్నారు, కొందరు పెరిగిన జీతం ఇంట్లో అప్పుడే లెక్కకు ఎక్కిందన్నారు. వాళ్లవీ చిన్న ఇళ్లే, వాళ్ల పిల్లలకూ ఫీజులున్నాయి. పోగైనది ఆమెకు సీనియరే ఇచ్చాడు, ఒంగకుండానే తీసుకుంది. కానీ ఫీజులో అది కొంచెమే. గడువు దగ్గర పడింది. కూతురు కాలేజీ నుంచి ఫోన్ చేసి, ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వం అంటున్నారని చెప్పింది. అక్క ఒక రోజు సెలవు పెట్టి ఊరికి వెళ్లి వచ్చింది. వచ్చిన రోజున మామూలుగానే పనిలోకి దిగి, మాడిన సాంబారు గిన్నె గురించి మాస్టర్‌ను తిట్టింది.

ఆ ఇరవై గుంటల చెల్కను ఆమె మరిదికే అమ్మింది.